ఊరి పక్కన వెంచర్ పడుతోందా, ఊరు మున్సిపాలిటీలో కలుస్తోందా: ఏం చూసుకోవాలి, ఎవరిని ఏం అడగాలి

పొలంలో జేసీబీ దిగి, కడీలు పాతి, గేటు పెట్టి, రంగురంగుల జెండాలు కట్టాక అప్పుడు ఊళ్లో మీటింగ్ పెడతారు చూడండి, అప్పటికే సగం పని అయిపోయి ఉంటుంది. మిగతా సగం కోసం గొంతు చించుకోవాల్సి వస్తుంది. అందుకే ఏ దశలో ఏ ఆఫీసుకి పోవాలో, ఏ కాగితం అడగాలో రాస్తున్నా. ఇది తెలంగాణ లెక్క, అందులోనూ ఎక్కువగా హైదరాబాద్ చుట్టుపక్కల ఊళ్లకి. ఆంధ్రలో ఆఫీసుల పేర్లు, రూల్స్ కొంచెం మారతాయి కాబట్టి అక్కడివాళ్లు అక్కడివి చూసుకోండి.

ముందు మీ ఊళ్లో అసలు జరుగుతున్నది ఏంటో తేల్చుకోండి. పంచాయతీని మున్సిపాలిటీలో కలపడం వేరు, మాస్టర్ ప్లాన్‌లో మీ పొలాల జోన్ మార్చడం వేరు, ఎవరో పట్టా భూమి కొనుక్కుని వెంచర్ వేయడం వేరు. మూడింటికీ ఫైళ్లు వేరు, సంతకం పెట్టేవాళ్లు వేరు, టైం వేరు. జనం మూడూ కలిపి ఒకే వినతిపత్రం రాసి ఎమ్మార్వో చేతిలో పెట్టి ఫొటో దిగి వస్తారు, అది ఏ ఫైల్లోకీ పోదు.

విలీనం సంగతి ముందు చెప్తా, ఎందుకంటే ఇందులో మన చేతిలో ఉన్నది తక్కువ, ఆ విషయం తెలిసే దిగాలి. 2024 సెప్టెంబర్‌లో ఔటర్ రింగ్ రోడ్ లోపల, ఆనుకుని ఉన్న 51 పంచాయతీలని ఆర్డినెన్స్‌తో పక్క మున్సిపాలిటీల్లో కలిపేశారు, ఇంకో ఏడాది తిరిగేసరికి చుట్టూ ఉన్న 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లని జీహెచ్‌ఎంసీలోనే కలిపారు. అంటే నిన్నటిదాకా సర్పంచ్ ఉన్న ఊరు రెండు గెంతుల్లో మహానగరం అయిపోయింది. గ్రామసభ తీర్మానం ప్రభుత్వాన్ని ఆపేస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకండి, ఆపదు. అయినా తీర్మానం చేయించండి, తేదీతో, సంతకాలతో, మినిట్స్ బుక్‌లో ఎక్కేలా. రేపు హైకోర్టుకి పోయినా, ఎమ్మెల్యే దగ్గరికి పోయినా మీ చేతిలో ఉండే మొదటి కాగితం అదే.

తీర్మానంలో "మాకు విలీనం వద్దు" అని ఒక్క లైన్ రాసి ఊరుకోకండి, ఏం పోతుందో రాయండి. ఉపాధి హామీ గ్రామాలకే కాబట్టి మున్సిపాలిటీ కాగానే ఆ పని పోతుంది, మా ఊళ్లో ఇన్ని జాబ్ కార్డులు ఉన్నాయి, పోయిన ఏడాది ఇంతమంది పనికి పోయారు అని లెక్క పెట్టండి, ఆ లెక్క పంచాయతీ సెక్రటరీ దగ్గరా ఫీల్డ్ అసిస్టెంట్ దగ్గరా దొరుకుతుంది. ఊళ్లో ఎన్ని ఎకరాలు సాగులో ఉంది, వ్యవసాయం మీద బతికే ఇళ్లెన్ని, ఇవి కూడా రాయండి. పట్టణంగా మార్చడానికి జనాభా, జనసాంద్రత, వ్యవసాయేతర ఉపాధి లాంటివి చూడాలని రాజ్యాంగం 243క్యూలోనే ఉంది, మీ లెక్కలు సూటిగా దానికే తగలాలి. ఇంటి పన్ను గురించి మాత్రం భయపెట్టేవాళ్ల మాట మొత్తం నమ్మొద్దు, 2019 మున్సిపల్ చట్టంలో 75 గజాల లోపు చిన్న ఇంటికి ఏడాదికి 100 రూపాయలే, పెద్ద ఇళ్లకి, ఖాళీ జాగాలకి మాత్రం తేడా గట్టిగానే పడుతుంది. రోడ్లు, నీళ్లు, లైట్లు వస్తాయని కలవమనేవాళ్లు కూడా ఊళ్లో ఉంటారు, వాళ్ల మాటా అబద్ధం కాదు, సభలో వాళ్లనీ మాట్లాడనివ్వండి, లేకపోతే ఊరు రెండు ముక్కలవుతుంది.

మాస్టర్ ప్లాన్‌లో మాత్రం నిజంగా పోరాడే చోటు ఉంది. డ్రాఫ్ట్ బయట పెట్టాలి, అభ్యంతరాలకి టైం ఇవ్వాలి. కామారెడ్డి గుర్తుందిగా. 2022 చివర్లో మున్సిపాలిటీ డ్రాఫ్ట్ ప్లాన్ వచ్చింది, 60 రోజులు టైం ఇచ్చారు, చుట్టుపక్కల రైతులు మ్యాప్ చూసుకుంటే రెండు పంటలు పండే పొలాలు ఇండస్ట్రియల్ జోన్‌లో పడి ఉన్నాయి. కలెక్టరేట్ ముట్టడి, బంద్, ఒక రైతు ప్రాణం కూడా పోయింది. టీవీల్లో ధర్నాలు మాత్రమే కనిపించాయి గానీ, అదే టైంలో రైతులు వందల కొద్దీ అభ్యంతరాలు రాసిచ్చారు, హైకోర్టుకీ పోయారు. 2023 జనవరిలో కౌన్సిల్ ఆ ప్లాన్ రద్దు చేస్తూ తీర్మానం చేసింది, అదే నెలలో జగిత్యాలలోనూ వెనక్కి తీసుకున్నారు. రోడ్డు మీదికి వచ్చారు కాబట్టి కదిలారు, నిజమే, కానీ రాసిచ్చిన కాగితం కూడా ఉంది కాబట్టే "రైతులు అభ్యంతరం చెప్పలేదు" అనే దారి అధికారులకి మూసుకుపోయింది.

హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) పరిధిలో ఉంటే ఇంకో చిక్కు ఉంది. పెద్ద ప్లాన్ మారకుండానే ఒకటి రెండు సర్వే నంబర్లకి మాత్రం ల్యాండ్ యూజ్ మార్చేస్తారు, కన్జర్వేషన్ జోన్‌లో ఉన్న పొలం రెసిడెన్షియల్ అయిపోతుంది. దానికి పేపర్లో ఒక చిన్న నోటీసు వేస్తారు, అభ్యంతరం చెప్పడానికి మామూలుగా 15 రోజులే ఉంటుంది, ఆ పేపర్ ఆ రోజు ఊళ్లో ఎవరూ చూసి ఉండరు. 2025 మార్చిలో హెచ్‌ఎండీఏని సుమారు 10,472 చదరపు కిలోమీటర్లకి పెంచారు, ఇదివరకు ఆ పేరే వినని ఊళ్లు కూడా ఇప్పుడు అందులో ఉన్నాయి, కాబట్టి మీ ఊరు ఉందో లేదో ముందు చూసుకోండి. ఊళ్లో చదువుకున్న పిల్లలు ఇద్దరికి ఈ నోటీసులు చూసే పని అప్పజెప్పండి, హెచ్‌ఎండీఏ వెబ్‌సైట్, రెండు పేపర్ల జిల్లా ఎడిషన్లు, అంతే.

ఇక వెంచర్. ఎక్కువ ఊళ్లలో గొడవ దీని దగ్గరే.

మొదటి పని, సర్వే నంబర్లు పట్టుకోవడం. బ్రోచర్ మీద ఉండొచ్చు, లేదా వెంచర్ ఆఫీసులో కూర్చుని కొనేవాడిలా అడగండి, చక్కగా టీ ఇచ్చి మరీ చెప్తారు. నంబర్లు దొరికాక ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైట్ భూభారతి పోర్టల్‌లో నిషేధిత జాబితా చూడండి, అసైన్డ్, ప్రభుత్వ, దేవాదాయ భూమి ఏదైనా మధ్యలో ఇరుక్కుందేమో తెలుస్తుంది. నాలా కన్వర్షన్ అయిందా లేదా చూడండి. ఇక్కడ చాలామంది మోసపోతారు: నాలా అయింది అంటే భూమి వ్యవసాయం నుంచి మారింది అని మాత్రమే, లేఔట్‌కి పర్మిషన్ వచ్చినట్టు కాదు. పర్మిషన్ హెచ్‌ఎండీఏ నుంచో డీటీసీపీ (రాష్ట్ర టౌన్ ప్లానింగ్ శాఖ) రూల్స్ ప్రకారమో విడిగా రావాలి. 500 చదరపు మీటర్లు దాటినా, 8 ప్లాట్ల కంటే ఎక్కువ ఉన్నా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ కావాలి, అది లేకుండా ప్రకటన కూడా ఇవ్వకూడదు. గుంటల లెక్కన "ఫామ్ ప్లాట్లు" అని అమ్ముతున్నారంటే మాత్రం, పేరు ఎంత పచ్చగా ఉన్నా, లేఔట్ పర్మిషన్ తప్పించుకునే పద్ధతేమో అని ముందు అనుమానించండి.

రెండోది, నీళ్ల దారి. నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యం ఇదే, అందరూ చివర్లో చూసేది కూడా ఇదే. సర్వే అండ్ ల్యాండ్ రికార్డ్స్ ఆఫీసు నుంచి ఊరి నక్షా తెచ్చుకోండి, పాత పహాణీలు తీయించండి, అందులో ఒర్రె, కాలువ, శిఖం (చెరువు లోపలి భూమి), బండ్ల బాట ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తు పెట్టండి. ఆ తర్వాత ఫోన్‌లో గూగుల్ ఎర్త్ తెరిచి పాత సంవత్సరాల ఫొటోలు చూడండి, వానాకాలం ఫొటోలో ఒర్రె తెల్లగా గీత గీసినట్టు కనిపిస్తుంది, ఇప్పుడు అదే చోట 40 అడుగుల రోడ్డు ఉంటుంది. ఊళ్లో డెబ్బై దాటిన పెద్దమనిషిని ఒకరిని వెంట తీసుకుపోండి, మత్తడి దూకితే నీళ్లు ఎటు పోయేవో, ఏ తూము కింద ఎవరి మడి పారేదో ఆయన నడుచుకుంటూనే చెప్పేస్తాడు, అది వీడియో తీసుకోండి.

బఫర్ (నీళ్ల పక్కన ఏమీ కట్టకుండా వదలాల్సిన జాగా) లెక్కలు నోటికి వచ్చి ఉండాలి, 2012 నాటి 168 జీవోలో ఉన్నాయి. 10 హెక్టార్లు, అంతకంటే పెద్ద చెరువుకి ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే హద్దు) నుంచి 30 మీటర్లు, దానికంటే చిన్న చెరువుకి, కుంటకి 9 మీటర్లు, 10 మీటర్ల కంటే వెడల్పైన వాగు, కాలువకి 9 మీటర్లు, చిన్న ఒర్రెకి 2 మీటర్లు వదలాలి. మీ చెరువు ఎఫ్‌టీఎల్ మ్యాప్ హెచ్‌ఎండీఏ లేక్స్ సైట్‌లో ఉందేమో చూడండి, లేకపోతే ఇరిగేషన్ ఏఈని రాతపూర్వకంగా అడగండి. ఊరి తాగునీటి బోరుకి 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదని వాల్టా (నీళ్లు, భూమి, చెట్ల) చట్టంలో ఉంది, వెంచర్ వాళ్లు స్విమ్మింగ్ పూల్ బొమ్మ చూపిస్తుంటే నీళ్లు ఎక్కడివి అని అక్కడే అడగాలి. మురుగు ఎటు పోతుంది అని కూడా అడగండి. పల్లం ఎటుంటే అటే పోతుంది, పల్లంలో మీ కుంట ఉంటుంది.

మూడోది బాట. వెనక పొలాలకి పోయే బండ్ల బాట నక్షాలో ఉంటే దాన్ని ఎవరూ ప్లాట్లలో కలుపుకోవడానికి లేదు. నక్షాలో లేకుండా అలవాటుగా నడిచే బాటైతే కష్టమే, అప్పుడు వెంచర్ వేసేవాళ్లతో ముందుగానే కూర్చుని ప్లాన్‌లో రోడ్డుగా చూపించమని మాట్లాడుకోవడం మేలు. చాలాచోట్ల ఒప్పుకుంటారు, ఎందుకంటే లేఔట్‌కి ఎలాగూ రోడ్లు వేయాలి. కాంపౌండ్ గోడ లేచాక మాత్రం ఎవరూ వినరు.

కాగితాలు దొరకకపోతే ఆర్టీఐ. పంచాయతీలో అడిగితే ఫీజు లేదు, మండల ఆఫీసులో 5 రూపాయలు, ఆ పైన 10, జవాబుకి 30 రోజులు. చిన్న కిటుకు ఏంటంటే కాపీలు అడగడం కంటే "ఫైలు చూసుకోనివ్వండి" అని అడగండి, మొదటి గంటకి ఫీజు ఉండదు, ఫైల్లో ఇరిగేషన్ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) ఉందా, రెవెన్యూ రిపోర్ట్ ఉందా అక్కడే తెలిసిపోతుంది. కానీ ఆర్టీఐ జవాబు వచ్చేదాకా ఆగి అప్పుడు అభ్యంతరం రాద్దాం అనుకుంటే అయినట్టే, ఆన్‌లైన్ పర్మిషన్ల కాలంలో ఫైలు మీకంటే స్పీడుగా పోతుంది, రెండూ ఒకే రోజు వేయండి.

అభ్యంతరం ఎలా రాయాలంటే, ఒక్కో విషయానికి ఒక్కో కాగితం, ఆవేశం తక్కువ, నంబర్లు ఎక్కువ. ఇలా రాయొచ్చు:

"ఫలానా మండలం, ఫలానా గ్రామం, సర్వే నంబర్లు ఫలానా వాటిలో వేస్తున్న లేఔట్‌లో, గ్రామ నక్షా ప్రకారం ఉన్న ఒర్రె మీద ప్లాట్లు, రోడ్డు చూపించారు. ఈ ఒర్రె ద్వారానే ఫలానా కుంటకి నీళ్లు వస్తాయి, దాని కింద ఇన్ని ఎకరాల ఆయకట్టు ఉంది. నక్షా కాపీ, పాత, కొత్త ఫొటోలు జత చేశాం. రెవెన్యూ, ఇరిగేషన్ శాఖలు గ్రామస్తుల ముందు జాయింట్ ఇన్‌స్పెక్షన్ చేసేదాకా పర్మిషన్ ఇవ్వవద్దని, మా అభ్యంతరంపై రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాం."

దీన్ని పర్మిషన్ ఇచ్చే ఆఫీసుకి, తహసీల్దార్‌కి, ఇరిగేషన్‌కి, పంచాయతీ సెక్రటరీకి విడివిడిగా ఇచ్చి ప్రతి దాని మీద స్టాంప్, తేదీ వేయించుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణిలో ఇస్తే నంబర్ ఇస్తారు, ఆ నంబర్ పెట్టి తర్వాత అడగొచ్చు. ఇన్‌వార్డ్ తీసుకోం అంటే స్పీడ్ పోస్ట్ చేసి రసీదు దాచుకోండి. ఔటర్ లోపల చెరువు, నీళ్ల కాలువ కబ్జా అయితే 2024 నుంచి హైడ్రా (చెరువులు, ప్రభుత్వ జాగాల కబ్జాలు తొలగించే సంస్థ) కూడా ఉంది.

ఒక మాట చెప్పాలి, ఇది ఎవరూ రాయరు. భూమి అమ్మినవాళ్లు బయటివాళ్లు కాదు, మన ఊరివాళ్లే, మన బంధువులే. బిడ్డ పెళ్లికో, అప్పు తీర్చడానికో, నాలుగేళ్లు పంట పోయి విసిగిపోయో అమ్మారు, అది వాళ్ల హక్కు. మీటింగ్‌లో వాళ్లని నిలబెట్టి తిట్టడం మొదలుపెడితే ఆ రోజుతో కమిటీ ఖతం. "అన్నా, నీ పట్టా నువ్వు అమ్ముకున్నవ్, మంచిదే, కానీ ఒర్రె నీ పట్టాలో లేదు గదా, అది ఊరిది, దాని మీద మాతో ఒక సంతకం పెట్టు" అంటే చాలామంది పెడతారు. కౌలు రైతులని మాత్రం మర్చిపోకండి, వాళ్లకి కాగితం ఉండదు, పరిహారం ఉండదు, పంట నిలబడి ఉండగానే దున్నేస్తారు. కనీసం కోత అయ్యేదాకా ఆగమని అమ్మిన ఆసామితో, వెంచర్ వాళ్లతో కలిపి పెద్దమనుషుల ముందు రాయించుకోండి.

పర్మిషన్ వచ్చేసినా పని అయిపోలేదు. ముందు ఇచ్చేది టెంటేటివ్ లేఔట్, రోడ్లు, డ్రైనేజీ, కరెంటు, నీళ్లు పూర్తి చేస్తారన్న గ్యారంటీకి 15 శాతం ప్లాట్లు మార్ట్‌గేజ్ పెట్టుకుంటారు, అన్నీ అయ్యాకే వాటిని వదిలి ఫైనల్ ఇస్తారు. కనీసం 10 శాతం ఖాళీ జాగా పార్కుకి వదిలి పంచాయతీకో మున్సిపాలిటీకో గిఫ్ట్ డీడ్ చేయాలి. ఆ డీడ్ రిజిస్టర్ అయిందా, ఈసీలో (రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే లావాదేవీల జాబితాలో) కనిపిస్తుందా, ఆ జాగా నేల మీద ఎక్కడుంది, చుట్టూ ఫెన్సింగ్ ఉందా అని సెక్రటరీని అడగండి, లేకపోతే పదేళ్లకి పార్కు ప్లాట్ అయిపోతుంది, ఇలాంటివి ఔటర్ చుట్టూ వెతక్కుండానే దొరుకుతాయి. మార్ట్‌గేజ్ ప్లాట్ల నంబర్లు కూడా రాసి పెట్టుకోండి. మీరు అడిగిన బాట వేయకుండా, ఒర్రెకి కల్వర్టు కట్టకుండా వాటిని రిలీజ్ చేయబోతున్నారని తెలిస్తే, అంతకుముందే పర్మిషన్ ఇచ్చిన ఆఫీసులో ఫొటోలతో ఇంకో కాగితం వేయండి, ఆ 15 శాతం చేతిలో ఉన్నంతవరకే వాళ్లు మీ మాట వింటారు.