35 దాటాక పిల్లల కోసం ప్రయత్నమా? విటమిన్ మాత్రలు మొదలుపెట్టే ముందు ఈ జాగ్రత్తలు

ముప్పై నాలుగో, ముప్పై ఐదో వచ్చాక "ఇక పిల్లల కోసం చూద్దాం" అనుకున్న చాలామంది ఇళ్లలోకి డాక్టర్ సలహా కంటే ముందు మాత్రల డబ్బా వచ్చేస్తోంది. అండాల నాణ్యత పెంచే యాంటీఆక్సిడెంట్లు అని దాని మీద రాసి ఉంటుంది. "ఓ ఆరు నెలలు వాడి చూద్దాం, అప్పటికీ నెల తప్పకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్దాం" అని భార్యాభర్తలు అనుకుంటారు.

అప్పటికే కొన్నాళ్లుగా ప్రయత్నిస్తున్నవాళ్లకు అది అదనపు ఆలస్యం. నాకు భయం ఆ ఆరు నెలల గురించే. 35 నిండిన వాళ్లు ఆరు నెలలు ప్రయత్నించినా గర్భం రాకపోతే పరీక్షలకు వెళ్లాలి. 35 లోపు వాళ్లకైతే ఏడాది వరకు ఆగవచ్చు. 40 దాటితే అసలు ఆగకూడదు, ప్రయత్నం మొదలుపెట్టేటప్పుడే డాక్టర్‌ను కలవాలి. నెలసరి క్రమంగా రాకపోయినా, ఎండోమెట్రియాసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరగడం) ఉన్నా, గతంలో అండవాహికలకు (ట్యూబులకు) ఇన్‌ఫెక్షనో టీబీనో వచ్చినా, అండాశయానికి ఆపరేషన్ జరిగినా వయసుతో పని లేకుండా ముందే వెళ్లాలి. మాత్రలు పని చేయకపోతే డబ్బు మాత్రమే పోతుందనుకుంటాం. నిజానికి తిరిగి రానివి ఆ నెలలు.

ఎందుకంత తొందర అంటే, ఆడపిల్ల పుట్టేనాటికే ఆమె జీవితానికి సరిపడా అండాలన్నీ లోపల ఉంటాయి. పుట్టినప్పుడు 10 నుంచి 20 లక్షలు ఉండేవి రజస్వల అయ్యే వయసుకు మూడు నాలుగు లక్షలవుతాయి, 37 ఏళ్లకు సుమారు 25 వేలు మిగులుతాయి. సంఖ్య తగ్గడం ఒక ఎత్తు, నాణ్యత తగ్గడం ఇంకో ఎత్తు. అండం తల్లి కడుపులో ఉండగానే విభజన మొదలుపెట్టి మధ్యలో ఆగిపోతుంది. అది మళ్లీ మొదలయ్యేది ఆ అండం విడుదలయ్యే నెలలోనే. అన్నేళ్లూ జన్యువులను మోసే క్రోమోజోముల జతలను పట్టి ఉంచే ప్రోటీన్లు వయసుతో సడలిపోతాయి, అప్పుడు క్రోమోజోముల పంపకంలో తేడా వస్తుంది. వయసు పెరిగేకొద్దీ గర్భస్రావాలు ఎక్కువ కావడానికి ముఖ్య కారణం ఇదే. ఒక క్రోమోజోమ్ అదనంగా ఉండే డౌన్ సిండ్రోమ్‌తో బిడ్డ పుట్టే అవకాశం 25 ఏళ్ల తల్లికి సుమారు 1,250లో ఒకటైతే, 35కి 350లో ఒకటి, 40కి 100లో ఒకటి.

అండంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా కూడా వయసుతో నీరసిస్తాయి, ఫ్రీ రాడికల్స్ (ఆక్సిడేషన్‌తో కణాలను దెబ్బతీసే అణువులు) వల్ల దెబ్బతింటాయి. యాంటీఆక్సిడెంట్లయిన సి, ఇ విటమిన్లు ఆ దెబ్బను తగ్గిస్తాయేమో అన్న ఆలోచన ఇక్కడే పుట్టింది. అది కొట్టిపారేయాల్సిన ఆలోచన కాదు. స్పెయిన్‌లోని వాలెన్సియాలో పరిశోధకులు ఆడ ఎలుకలకు చిన్నప్పటి నుంచి ఈ రెండు విటమిన్లను పెద్ద మోతాదులో పెట్టారు. వయసు మళ్లిన ఎలుకల్లో అండాల సంఖ్య, నాణ్యత మెరుగ్గా కనిపించాయి. ఆ ఫలితం 2002లో వచ్చింది. అదే ఏడాది అదే బృందం ఇంకో ఫలితం కూడా ప్రచురించింది: ఆ మోతాదు తిన్న ఎలుకలకు కాన్పులు, పిల్లలు తగ్గాయి, అండాశయం, గర్భసంచి పనితీరు దెబ్బతింది. అమ్మకం ప్రకటనల్లో మొదటి ఫలితమే వినిపిస్తుంది. అండం విడుదల కావడానికే కొంత ఆక్సిడేషన్ అవసరమని ఆ తర్వాత మరో ఎలుకల పరిశోధనలో తేలింది. అంటే ఫ్రీ రాడికల్స్‌ను మొత్తం తుడిచిపెట్టేయడం మంచిదేమీ కాదు.

మరి మనుషుల్లో? గర్భం రావడం ఆలస్యమైన 7,760 మంది స్త్రీలపై జరిగిన 63 ట్రయల్స్‌ను (మందుల పరీక్షలను), వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2020లో ఒకచోట చేర్చి చూసింది. కొంత మేలు ఉండవచ్చు గానీ ఆధారాల నాణ్యత తక్కువ, చాలా తక్కువ అని చెప్పింది. కోఎంజైమ్ క్యూ10 అనే మరో యాంటీఆక్సిడెంట్ మీద కూడా ఎలుకల్లో ఆశ కలిగించే ఫలితాలున్నాయి, స్త్రీలలో గట్టి రుజువు ఇంకా లేదు. వయసును వెనక్కి తిప్పే విటమిన్ ఇప్పటికైతే లేదు. ఎవరైనా ఉందని అమ్ముతుంటే కొనకండి.

ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ తిప్పి చూడండి

ఒక మధ్యాహ్నం కూర్చుని వాడుతున్నవన్నీ మంచం మీద పరవండి: మల్టీవిటమిన్, ఆకుపచ్చ ఇ క్యాప్సూల్, జుట్టు మాత్ర, ఫెర్టిలిటీ పొడి. స్ట్రిప్ వెనుక ఉన్న సన్నక్షరాలు ఫోన్‌లో ఫొటో తీసి పెద్దవి చేసుకుని చదవండి. ఒకే విటమిన్ ఎన్నింటిలో ఉందో కాగితం మీద కూడండి.

అన్నిటికంటే ముందు వెతకాల్సింది విటమిన్ ఎ. రెటినాల్, రెటినైల్ పాల్మిటేట్, రెటినైల్ ఎసిటేట్ అని ఉంటుంది. అన్నీ కలిపి రోజుకు 10,000 ఐయూ (విటమిన్ల కొలమానం), అంటే 3,000 మైక్రోగ్రాములు దాటకూడదు. గర్భం తొలి వారాల్లో ఇది ఎక్కువైతే బిడ్డకు పుట్టుకతో లోపాలు రావచ్చు. క్యారెట్, మునగాకులో ఉండే బీటా కెరోటిన్‌కు ఈ భయం లేదు. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతుంటే మాత్రం ప్రయత్నం మొదలుపెట్టొద్దు. డాక్టర్ చెప్పినట్టు ఆపి, కనీసం ఒక నెల గడవాలి.

విటమిన్ ఇ 400 ఐయూ క్యాప్సూల్ మన మందుల షాపుల్లో అడగ్గానే ఇచ్చేస్తారు. రక్తం పలచబడే మందులు, ఆస్పిరిన్ వాడేవాళ్లకు దాంతో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. గర్భిణుల్లో బీపీ సమస్య రాకుండా ఆపుతాయేమోనని 1,000 మిల్లీగ్రాముల సి, 400 ఐయూ ఇ ఇచ్చి బ్రిటన్‌లో చేసిన ట్రయల్ ఫలితం 2006లో వచ్చింది. ఆ సమస్య ఆగలేదు సరికదా, తక్కువ బరువు పిల్లలు ఎక్కువగా పుట్టారు. అందుకే "విటమినే కదా, ఏమవుతుంది" అనే మాట నాకు నచ్చదు.

జుట్టు మాత్రల్లో బయోటిన్ ఉంటుంది. దానివల్ల కొన్ని ల్యాబుల్లో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), గర్భ నిర్ధారణ రక్త పరీక్ష ఫలితాలు తప్పుగా రావచ్చు. రక్తం ఇచ్చే ముందు ఎన్నాళ్లు ఆపాలో ల్యాబ్ వాళ్లను అడగండి.

తప్పకుండా వేసుకోవాల్సిన మాత్ర

ఇది ఫోలిక్ యాసిడ్. బిడ్డ మెదడు, వెన్నుపాము ఏర్పడే గొట్టం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. నెల తప్పిందని తెలిసేసరికే సగం పని అయిపోతుంది, అందుకే గర్భం రాకముందే మొదలుపెట్టాలి. రోజుకు 400 మైక్రోగ్రాములు, వీలైతే మూడు నెలల ముందు నుంచి. గతంలో ఆ గొట్టం సరిగా మూసుకోని లోపంతో బిడ్డ పుట్టినా, షుగర్ ఉన్నా, ఫిట్స్ మందులు వాడుతున్నా మోతాదు ఎక్కువ కావాలి, అది డాక్టర్ చెప్పాలి. శాకాహారులు బీ12 కూడా చూపించుకోవాలి.

సి విటమిన్ కోసం మాత్ర అక్కర్లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం స్త్రీకి రోజుకు 65 మిల్లీగ్రాములు కావాలి. 100 గ్రాముల జామపండులో 200 పైనే ఉంటుంది, ఉసిరికాయలోనూ అంతే. ఇ విటమిన్‌కు పల్లీలు, పొద్దుతిరుగుడు గింజలు ఉన్నాయి. తోటకూర పప్పు మీద నిమ్మకాయ పిండుకుంటే ఇనుము కూడా బాగా ఒంటపడుతుంది. దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అంచేత ముందు హిమోగ్లోబిన్ చూపించుకోండి. అదే రోజు థైరాయిడ్, షుగర్ కూడా. రుబెల్లా టీకా పడలేదని తేలితే వేయించుకుని ఒక నెల ఆగాలి.

ఏఎంహెచ్ అనే హార్మోన్ రక్త పరీక్షలో తక్కువ వచ్చిందని ఏడుస్తూ కూర్చునేవాళ్లున్నారు. ఆ పరీక్ష అండాల సంఖ్యను సూచిస్తుంది, నాణ్యతను కాదు. గర్భం రాదని దాని అర్థం కాదు.

సిగరెట్, గుట్కా మానేయాలి, ఇద్దరూ. పొగ తాగే స్త్రీలకు నెలసరి ఒకటి నుంచి నాలుగేళ్లు ముందే ఆగిపోతుంది. అలాగే భర్త వీర్య పరీక్ష మొదటి వారంలోనే చేయించండి. ఖర్చు తక్కువ, నొప్పి లేదు. అయినా మన ఇళ్లలో ఆమెకు స్కానింగులన్నీ అయ్యాక గానీ ఆయన వంతు రాదు. మగవాళ్లకు అమ్మే యాంటీఆక్సిడెంట్ మాత్రలూ 2020లో అమెరికాలో వచ్చిన ట్రయల్ ఫలితాల్లో పెద్దగా ఉపయోగపడలేదు.

ఐవీఎఫ్ (ల్యాబులో అండాన్ని ఫలదీకరణ చేసే చికిత్స) దాకా వెళ్తే, సంతాన సాఫల్య చికిత్సలపై వచ్చిన 2021 చట్టం ప్రకారం ఆ సెంటర్ రిజిస్టర్ అయి ఉండాలి, స్త్రీ వయసు 50 లోపు ఉండాలి. సర్టిఫికెట్ చూపించమని అడగండి. అక్కడ రాసిచ్చే సప్లిమెంట్ల జాబితాలో ఒక్కోటి ఎందుకో, ఎంత మోతాదో, ఎన్నాళ్లో కూడా అడగండి. నెల తప్పితే ఫోలిక్ యాసిడ్, డాక్టర్ రాసిన మందులు తప్ప సొంతంగా కొన్నవన్నీ పక్కన పెట్టి, ఆ స్ట్రిప్పులు సంచిలో వేసుకుని మొదటి విజిట్‌కే తీసుకెళ్లండి.