తుర్క్‌మెన్ తివాచీలను గుర్తించడం – మూడవ పాఠం: గుల్, ముడి

పడుగు, పేకల అమరికను గత పాఠంలో చూశాము. ఇప్పుడు మధ్య ఆసియాలోని తుర్క్‌మెన్ తెగల పాత తివాచీల మీద వరుసలు తీరి కనిపించే పతకాన్ని, అంటే గుల్‌ను, పరిశీలిద్దాము. తుర్క్‌మెనిస్తాన్ 1992లో ఆమోదించిన జాతీయ పతాకంలోని నిలువు పట్టీపై ఇలాంటి గుల్‌లు ఐదు ఉన్నాయి కనుక, ఆ చిత్రాన్ని ఎదురుగా ఉంచుకుని చదవడం మంచిది.

తెకె తెగవారి పెద్ద తివాచీలలో గుల్ అంచు వంపులు తిరిగి ఉంటుంది. లోపలి భాగం నాలుగుగా చీలి, ఎదురెదురు మూలలు ఒకే రంగులో ఉంటాయి. సన్నని ముదురు గీతలు ఒక గుల్ నడుమ నుంచి పక్క గుల్ నడుమకు సాగి, ఎర్రని నేల అంతటినీ గళ్ళుగా విభజిస్తాయి. యోముత్ నేతలో కొక్కేల అంచుగల గుల్‌లు ఎక్కువ, వాటి రంగులు ఏటవాలు వరుసల్లో మారుతూ పోతాయి.

అయితే గుల్ ఒక్కదానినే నమ్మి తెగను నిర్ణయించడం తొందరపాటు అవుతుంది. రెండు తలల జంతువుల బొమ్మలుండే తౌక్ నుస్కా అనే గుల్‌ను యోముత్, చౌదుర్, ఎర్సారి తెగలవారు ముగ్గురూ నేశారు. సాలోర్ తెగ పేరుతో ప్రసిద్ధమైన గుల్ తెకె, సారిక్ నేతగత్తెల సంచుల మీద కూడా వచ్చింది. డిజైన్‌ను చూసి నేర్చుకోవచ్చు. ముడి వేసే చేతివాటం మాత్రం తల్లి నుంచి కూతురికి వచ్చేది, అంత తేలికగా మారదు. అందుకే నేను ముడికే ఎక్కువ విలువ ఇస్తాను.

ముడిని ఇలా చూడాలి. తివాచీ మీద చేయి రాస్తే ఊలు ఒక దిశలో నున్నగా వాలుతుంది. ఆ దిశ మీ వైపుకు ఉండేలా పరచి, పేక వెంబడి మెల్లగా వెనక్కి మడిచి, విచ్చుకున్న చోట ఊలు మొదళ్ళను భూతద్దంతో పరిశీలించండి. రెండు పడుగు పోగుల మీదుగా అడ్డంగా ఒక చుట్టు కనిపించి, దాని కింద నుంచి ఊలు కొసలు రెండూ కలిసి బయటికి వస్తే అది సౌష్ఠవ ముడి. సారిక్, యోముత్ నేతలో సాధారణంగా ఇదే ఉంటుంది. చుట్టు ఒక్క పోగుకే ఉండి, రెండో కొస పక్క పోగు అవతల విడిగా వస్తే అసౌష్ఠవ ముడి. ఆ విడి కొస ఎడమకు ఉంటే సాలోర్‌ను, కుడికి ఉంటే తెకెను ముందుగా తలచాలి.

పాత వస్తువు పడుగు పెళుసుబారి ఉంటే మడవకండి, వేళ్ళతో ఊలును విడదీసి చూడండి. అంచున ఒకచోట, నడుమ రెండుచోట్ల చూసి, ముడి రకాన్ని గుల్ బొమ్మ పక్కనే రాసుకోండి. మంజిష్ఠ ఎరుపును రసాయన రంగుల నుంచి వేరుచేయడం నాలుగవ పాఠంలో.