రాగి చేనులో జీవన ఎరువులు – 3వ పాఠం: యూరియా ఎంత, ఎప్పుడు?

మొదటి పాఠంలో మట్టి పరీక్ష చేయించుకున్నాం. రెండో పాఠంలో ప్యాకెట్ మీద గడువు తేదీ, బ్యాచ్ నంబరు చూసి కొనడం నేర్చుకున్నాం. ఇప్పుడు ఆరుద్ర కార్తె నడుస్తోంది. దొడ్డబళ్లాపుర, హోసకోట వైపు దుక్కులు సిద్ధమయ్యాయి. యలహంకలోనో హెబ్బాళలోనో కాపురం ఉంటూ, శనివారం వచ్చిందంటే చేనికి పరుగెత్తే మనలాంటి తెలుగువాళ్లకు ఈ పాఠం అన్నిటికంటే ముఖ్యం. విత్తే రోజు చేసిన తప్పును తర్వాత దిద్దుకోలేం.

హిందూపురం దగ్గర సొంత పొలం ఉన్న తమ్ముడొకాయన అడిగాడు: "అన్నా, అజోస్పైరిల్లం వేస్తే యూరియా పూర్తిగా మానేయొచ్చా?" అజోస్పైరిల్లం అంటే జీవన ఎరువు ప్యాకెట్‌లో ఉండే, గాలిలోని నత్రజనిని పట్టే బ్యాక్టీరియా. అది వేసినా యూరియా పూర్తిగా మానేయకూడదు. అలాగని ఎప్పటిలాగే బస్తా గుమ్మరిస్తే అజోస్పైరిల్లం వేసి లాభం లేదు. ఎందుకో చూద్దాం.

గాలిలో 78 శాతం నత్రజనే. కానీ దాని అణువులోని రెండు పరమాణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి, అందుకే మొక్క దాన్ని నేరుగా వాడుకోలేదు. అజోస్పైరిల్లం దగ్గర నైట్రోజినేజ్ అనే ఎంజైమ్ ఉంది. అది ఆ పట్టును విడదీసి అమ్మోనియాగా మారుస్తుంది. ఈ పనికి బ్యాక్టీరియా చాలా శక్తి ఖర్చు పెట్టాలి. అందుకే చుట్టూ అమ్మోనియా దండిగా దొరికితే ఆ ఎంజైమ్ తయారీనే ఆపేస్తుంది. వేరు పక్కన యూరియా కుప్ప పోస్తే జరిగేది ఇదే. బ్యాక్టీరియా బతికే ఉంటుంది గానీ నత్రజని పట్టదు.

ఇంకో సంగతి. రాగికి రైజోబియం పనికిరాదు. అది పప్పుజాతి వేర్లలో బుడిపెలు కట్టి బతికేది. కొన్ని దుకాణాల్లో "ఏదైనా ఒకటే సార్" అని చేతిలో పెడతారు, తీసుకోకండి. రాగి మధ్య 'అక్కడి సాళ్ల'లో, అంటే అంతర పంటకు వదిలే సాళ్లలో, వేసే కందికి, అనపకు మాత్రం రైజోబియం పట్టించండి. గడ్డిజాతి వేర్ల దగ్గర అజోస్పైరిల్లం బతుకుతుందని 1970లలో బ్రెజిల్‌లో పనిచేసిన యోహన్నా డోబెరైనర్ పరిశోధనలతోనే ప్రపంచం గట్టిగా గుర్తించింది. రాగి, జొన్న, మొక్కజొన్న అన్నీ గడ్డిజాతివే కదా.

ఇక విత్తన శుద్ధి. గొర్రుతో విత్తితే ఎకరాకు సుమారు 4 కిలోల విత్తనం పడుతుంది. కిలోకు 25 గ్రాముల చొప్పున 100 గ్రాముల పొడి చాలు. చల్లారిన పలచటి గంజి గానీ బెల్లం నీళ్లు గానీ చిన్న టీ గ్లాసుడు తీసుకుని, పొడి కలిపి, విత్తనం మీద చల్లి చేత్తో మెల్లగా కలపండి. రాగి గింజ చిన్నది, తడి ఎక్కువైతే ఉండలు కట్టి గొర్రులో దిగదు. గింజ మీద పలచటి పూతలా అంటితే సరిపోతుంది. గోనెసంచి మీద పరిచి నీడలో అరగంట ఆరబెట్టి, అదే రోజు విత్తేయండి. ఎండలో ఆరబెడితే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. కొన్న విత్తనం మీద ఎర్రటిదో గులాబీదో రంగు పూత ఉందంటే దానికి అప్పటికే శిలీంద్రనాశిని పట్టించారని అర్థం. అలాంటప్పుడు విత్తనానికి కాకుండా మట్టికి ఇవ్వండి. ఎకరాకు 2 కిలోల పొడిని 50 నుంచి 100 కిలోల మాగిన పశువుల ఎరువులో కలిపి, పదును ఉన్నప్పుడు సాళ్లలో చల్లాలి.

నేను మొదటి ఏడాది చేసిన తప్పు ఇక్కడే చెప్పాలి. ప్యాకెట్లు కొని, మధ్యాహ్నం దాకా ఎండలో నిలబెట్టిన కారు డిక్కీలో ఉంచాను. సాయంత్రం పని తొందరలో ఆ పొడిని డీఏపీ అనే రసాయన ఎరువుతో కలిపి ఒకే డబ్బాలో పోశాను. వేడి సగం చంపితే, ఎరువు ఉప్పు మిగతా సగాన్ని చంపి ఉంటుంది. ఆ ఏడాది ఏ తేడా కనిపించలేదు. "ఇదంతా మోసం" అని ఊళ్లో నేనే నలుగురికి చెప్పాను. ఆ మాట ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. ప్యాకెట్‌ను చల్లటి చోట, ఎరువులకు, పురుగుమందులకు దూరంగా పెట్టండి. రసాయన ఎరువుతో ఎప్పుడూ కలపకండి.

ఇప్పుడు లెక్క. వర్షాధార రాగికి ఎకరాకు 20 కిలోల నత్రజని, 16 కిలోల భాస్వరం అనుకుందాం. పొటాష్ మీ మట్టి పరీక్ష కాగితం చెప్పినంత. జీవన ఎరువు వేసినచోట నత్రజనిలో పావు వంతు తగ్గించవచ్చు, అంటే 15 కిలోలు. డీఏపీలో నత్రజని 18 శాతం, భాస్వరం 46 శాతం. 35 కిలోల డీఏపీతో 16 కిలోల భాస్వరం పూర్తిగా అందుతుంది, వెంట 6.3 కిలోల నత్రజని వస్తుంది. మిగిలిన 8.7 కిలోలకు, 46 శాతం నత్రజని ఉన్న యూరియా 19 కిలోలు కావాలి. తగ్గించకపోతే దాదాపు 30 కిలోలు అయ్యేది.

డీఏపీని విత్తే సాలులో గింజకు తగలకుండా పక్కన, కాస్త లోతున వేయండి. ఆ 19 కిలోల యూరియా విత్తేరోజు వద్దు. 30 రోజులకు, కలుపు తీసి గుంటక తోలాక, వాన పడి పదును ఉన్నప్పుడు పైపాటుగా వేయండి. మొదటి నెల వేరు పెరిగే కాలం. అజోస్పైరిల్లం వేరును పెంచే హార్మోన్లను కూడా ఇస్తుంది. ఆ నెల దానికి వదిలేయాలి.

డబ్బు సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు. 11 కిలోలు మిగిలితే సుమారు 65 రూపాయలు. సబ్సిడీ ధర కాబట్టి ఇంతే. దాని కోసమే ఇదంతా చేయక్కర్లేదు. నాకు ముఖ్యమైంది మన ఎర్రమట్టి. బెంగళూరు చుట్టూ చాలా నేలలు ముందే ఆమ్ల గుణం ఉన్నవి. యూరియా మట్టిలో నైట్రేట్‌గా మారేటప్పుడు ఆమ్లం ఇంకా పెరుగుతుంది. జీకేవీకేలో, అంటే బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రాంగణంలో, దశాబ్దాలుగా సాగుతున్న రాగి ప్రయోగాల్లో పశువుల ఎరువు, రసాయన ఎరువు కలిపి వేసిన మడులే నిలకడగా పండుతున్నాయి. అందుకే దిబ్బ ఎరువు లేని చేనులో ఉత్త ప్యాకెట్ వేయమని నేను ఎవరికీ చెప్పను. బ్యాక్టీరియాకు తిండి ఆ ఎరువులోని సేంద్రియ పదార్థమే.

చివరగా ఈ పాఠానికి ఇంటిపని. చేనులో ఒకేలాంటి నేల ఉన్నచోట రెండున్నర సెంట్ల చొప్పున మూడు ముక్కలు కొలిచి, కట్టెలు పాతండి. అది సుమారు 10 మీటర్లకు 10 మీటర్లు. ఒకదానిలో పూర్తి యూరియా, జీవన ఎరువు లేకుండా. రెండోదానిలో తగ్గించిన యూరియా, జీవన ఎరువు లేకుండా. మూడోదానిలో తగ్గించిన యూరియా, జీవన ఎరువుతో. ఈ రెండో ముక్కనే అందరూ వదిలేస్తారు. అది లేకపోతే పంట బాగా వచ్చినప్పుడు అది బ్యాక్టీరియా చలవో, అసలు మీరు ఇన్నాళ్లూ యూరియా ఎక్కువ వేస్తున్నారో తేలదు. మూడింటికీ డీఏపీ, దిబ్బ ఎరువు ఒకేలా వేయండి. 25వ రోజున ఒక్కో ముక్క నుంచి ఐదేసి మొక్కలు వేళ్లతో సహా పెకలించి, కడిగి, పక్కపక్కనే పెట్టి ఫోటో తీయండి. కోతప్పుడు గింజతో పాటు గడ్డినీ తూకం వేయండి, పశువులున్న ఇంట్లో గడ్డి కూడా పంటే.

భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియా గురించి వచ్చే పాఠంలో. అప్పటికి మీ మట్టి పరీక్షలో ఆమ్ల గుణం ఎంతో చెప్పే పీహెచ్ అంకె దగ్గర పెట్టుకోండి.