కాలేజీ యాప్ రూపకల్పన – 4వ పాఠం: ఎండలోనూ కనిపించే హాజరు స్క్రీన్

పోయిన పాఠంలో కాగితం మీద గీసిన హాజరు స్క్రీన్‌ను ఇప్పుడు ఫిగ్మా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోకి తెద్దాం. 360 వెడల్పు, 800 ఎత్తుతో ఒక ఫ్రేము, అంటే ఫోను తెరలాంటి ఖాళీ చట్రం, తెరవండి. రంగుల జోలికి అప్పుడే పోవద్దు.

అనంతపురం నుంచి ఇటుకలపల్లి వైపు, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయానికి వెళ్లే బస్సులో ఒక అమ్మాయి నిలబడి ఉందనుకోండి. ఒక చెయ్యి కడ్డీ మీద, రెండో చేతిలో ఫోను. ఏప్రిల్ ఎండ సరిగ్గా తెర మీదే పడుతోంది. ఆమెకు తెలియాల్సింది ఒక్కటే: పరీక్షకు కూర్చోనిస్తారా, లేదా?

చాలామంది ఇక్కడ గుండ్రటి చార్టు పెట్టి, మధ్యలో 71 శాతం అని రాసి చేతులు దులుపుకుంటారు. చూడ ముచ్చటగానే ఉంటుంది, లెక్క మాత్రం ఆమె నెత్తిన పడుతుంది. ఆమె 200 తరగతుల్లో 142కు వచ్చింది. పరీక్షకు కావాల్సిన 75 శాతమంటే 150 కాబట్టి ఇంకో ఎనిమిదికి వస్తే చాలనుకుంటుంది. కానీ వచ్చే ప్రతి తరగతితో మొత్తమూ పెరుగుతుంది. నిజానికి ఒక్కటీ మానకుండా 32 తరగతులకు రావాలి; అప్పటికి 232లో 174 అవుతాయి. ఆ లెక్క యాప్ చేయాలి. "75 శాతానికి ఇంకా 32 తరగతులు వరుసగా రావాలి" అన్న వాక్యాన్నే అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో పైన పెట్టి, శాతాన్ని దాని కింద చిన్నగా వేయండి. చార్టు తీసేయండి. నాకు దాని మీద ఏ మాత్రం జాలి లేదు.

ఇక రంగులు. నాజూకుగా ఉంటుందని లేత బూడిద అక్షరాలు వాడటం ఈ వృత్తిలో పాత జబ్బు. తెలుపు మీద 999999 అనే కోడున్న బూడిద రంగుతో రాస్తే, అక్షరానికీ వెనక రంగుకూ మధ్య వెలుగు వ్యత్యాసం 2.85:1 మాత్రమే. వెబ్ ప్రమాణాలు మామూలు అక్షరాలకు కనీసం 4.5:1 ఉండాలంటాయి. కాస్త ముదురు బూడిద 767676 ఆ గీతను బొటాబొటిగా దాటుతుంది. మన ఎండకు అదీ చాలదు, దాదాపు నలుపైన 333333 వాడండి. హాజరు తక్కువైతే ఎరుపు, సరిపోతే ఆకుపచ్చ అని వదిలేయకుండా పక్కన "తక్కువ" అని మాటలో కూడా రాయండి. ఆ రెండు రంగుల తేడా తెలియని కళ్లూ ఉంటాయి.

బటన్లు 48 డీపీకి (ఆండ్రాయిడ్ తెరల మీద సైజు కొలిచే ప్రమాణం) తగ్గకూడదు. తెర మీద అది దాదాపు 9 మిల్లీమీటర్లు. ముఖ్యమైన వాటిని కింది భాగంలో ఉంచండి, పై మూలకు బొటనవేలు అందదు.

తెలుగు అక్షరాలతో ఒక చిక్కుంది. నోటో సాన్స్ తెలుగు ఫాంటులో 16 సైజుతో "ప్రాక్టికల్స్ మార్కులు" అని రెండు వరుసలు రాసి, వరుస ఎత్తు 18 పెట్టి చూడండి. పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద ఎక్కి కూర్చుంటాయి. దాన్ని 26 చేస్తే ఊపిరాడుతుంది. బటన్ ఎత్తు కూడా ఒత్తు తెగిపోకుండా చూసుకోండి.

అభ్యాసం: స్క్రీన్‌ను మీ ఫోనులోకి తెచ్చుకుని, మధ్యాహ్నం మిద్దె మీదికి వెళ్లి, స్నేహితురాలికి రెండు సెకన్లు చూపించి దాచేయండి. ఏం గుర్తుందని అడగండి. "32" అంటే మీ పని అయినట్టే. "71" అంటే అక్షరాల సైజులు మళ్లీ సరిచేయండి. వచ్చే పాఠంలో, నెట్‌వర్క్ లేనప్పుడు ఇదే స్క్రీన్ ఏం చూపించాలో చూద్దాం.