సిగరెట్ పీకలు ఏరడానికి బీచ్‌కి వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

ఏటా సెప్టెంబర్ మూడో శనివారం చాలా దేశాల్లో సముద్ర తీరాలు శుభ్రం చేస్తారు. 1986లో అమెరికాలోని టెక్సాస్‌లో మొదలైన ఈ పనిలో ఏళ్ల తరబడి అన్నిటికన్నా ఎక్కువగా దొరికినవి సిగరెట్ పీకలే. మన విశాఖలో ఆర్కే బీచ్, రుషికొండ వైపు వెళ్లే వలంటీర్లు పగిలిన సీసాలంటే భయపడతారు, పీకలను మాత్రం ఉత్త వేళ్లతోనే ఏరేస్తారు. నిజానికి అక్కడా జాగ్రత్త కావాలి.

ఒక పీకను విప్పి చూడండి. లోపలున్నది దూదిలా కనిపిస్తుంది కానీ అది సెల్యులోజ్ ఎసిటేట్ అనే ప్లాస్టిక్. ఒక్కో ఫిల్టర్‌లో 12,000కు పైగా సన్నటి పోగులుంటాయి. నికోటిన్, తారు, ఆర్సెనిక్, సీసం లాంటివి వాటికి పట్టుకుని ఉంటాయి, నీళ్లు తగలగానే బయటికి వస్తాయి. కాల్చిన పీకను ఒక లీటరు నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లలో చేపలను ఉంచితే దాదాపు సగం చచ్చిపోయాయని అమెరికాలోని శాన్‌డియాగో పరిశోధకులు 2011లో తేల్చారు.

కాబట్టి గ్లవ్స్ తప్పనిసరి, అవీ రబ్బరువో, నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరువో అయి ఉండాలి. గుడ్డ గ్లవ్స్ తడిసి ఆ రసాన్నే చేతికి అంటిస్తాయి. నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి వెళ్తుంది, తడిగా ఉంటే ఇంకా తొందరగా. పొద్దున్నే మంచుకు తడిసిన పొగాకు కోసే కూలీలకు తల తిరిగి వాంతులయ్యేది ఇందుకే. ప్రకాశం జిల్లా పొగాకు చేల సంగతి తెలిసినవాళ్లకు ఇది కొత్త విషయం కాదు. పీకల్లో అంత మోతాదు ఉండకపోవచ్చు, అయినా గంటల తరబడి తడి పీకలను ముట్టుకుంటూ మధ్యలో అదే చేత్తో సమోసా తినడం మాత్రం వద్దు. గర్భిణులు ఈ పనికి దూరంగా ఉంటేనే మంచిది. చిన్నపిల్లలు వస్తామంటే లెక్క రాసే పని ఇవ్వండి, పీకలు మాత్రం ముట్టుకోనివ్వకండి.

ఏరడానికి పొడుగు పట్టకారు ఉంటే నడుము నొప్పి కూడా తగ్గుతుంది. ఎండకు రంగు పోయిన పీక ఇసుకలో గవ్వ ముక్కలా కలిసిపోతుంది, అందుకే నిదానంగా వెతకాలి. మేస్త్రీలు ఇసుక జల్లించే జల్లెడ బాగా పనికొస్తుంది, పొడి ఇసుక మీదైతేనే. ఏరినవాటిని పల్చటి క్యారీబ్యాగ్‌లో వేస్తే కిందికి కారుతుంది. మూత ఉన్న డబ్బా తీసుకెళ్లండి. బెంచీల వెనకా, బజ్జీ బళ్ల చుట్టూ అప్పుడే పారేసినవి, ఇంకా రాజుతున్నవి కూడా ఉంటాయి. వాటికోసం అడుగున ఇసుక పోసిన రేకు డబ్బా ఒకటి వేరే ఉంచుకోండి. కాళ్లకు చెప్పులు చాలవు, బూట్లు వేసుకోండి. సీసా పెంకులు, సిరంజి సూదులు అదే ఇసుకలో ఉంటాయి. సూది కనిపిస్తే చేత్తో ముట్టకుండా పట్టకారుతో తీసి గట్టి సీసాలో వేసి మూత పెట్టండి.

అన్నిటికన్నా నాకు టెన్షన్ పెట్టేది సముద్రమే. సెప్టెంబర్ అంటే బంగాళాఖాతంలో అల్పపీడనాలు, వాయుగుండాలు వచ్చే కాలం. ముందురోజు వాతావరణ శాఖ బులెటిన్ చూడండి. జాలర్లను వేటకు వెళ్లవద్దన్నారంటే మీ కార్యక్రమం కూడా వాయిదా వేసేయండి, బ్యానర్లు కొట్టించేసి ఉన్నా సరే. ఆర్కే బీచ్‌లోనూ యారాడలోనూ మోకాళ్ల లోతులో నిలబడినవాళ్లను కూడా అల లోపలికి లాగేసిన సందర్భాలున్నాయి. అల వదిలి వెళ్లిన చెత్త గీతకు పైనే పని చేయండి, నీళ్లలో తేలే పీక కోసం దిగకండి. బృందంలో ఒకరు ఏమీ ఏరకుండా సముద్రం వైపు, మనుషుల వైపు చూస్తూ ఉండాలి.

వాన పడ్డాక ఊళ్లోని పీకలన్నీ గెడ్డల (పెద్ద కాలువల) వెంట కొట్టుకొచ్చి బీచ్‌లో పడతాయి. గెడ్డ సముద్రంలో కలిసే చోట చాలా దొరుకుతాయి కానీ అది మురుగునీరు. కాలికి చిన్న గాయం ఉన్నా అటు వెళ్లవద్దు.

జాలర్లు ఉండే జాలారిపేట వైపు వెళ్తే ముందు అక్కడి పెద్దలను అడగండి. ఆరబెట్టిన వలను చెత్త అనుకుని లాగితే వాళ్ల సంపాదనకు దెబ్బ. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం. అప్పుడు రేక్ లాంటి పళ్లున్న కర్రలతో ఇసుక గీరడం, తవ్వడం పూర్తిగా మానండి. తాబేలు జాడ కనిపిస్తే అటవీశాఖ వాళ్లకు చెప్పండి.

సిగరెట్ తాగుతూ కూర్చున్నవాళ్లతో గొడవ పెట్టుకోకండి. "అన్నా, పీక ఇందులో వేస్తారా" అని రేకు డబ్బా చాపితే చాలామంది వేస్తారు.

చివరికి ఏరినవాటిని కాల్చకండి, పూడ్చకండి, తడిచెత్తలో అసలు కలపకండి. తూకం వేసి, లెక్క రాసుకుని, మూత బిగించి, "సిగరెట్ పీకలు" అని రాసి పారిశుద్ధ్య సిబ్బందికి విడిగా ఇవ్వండి. వాళ్లు రాగలిగే సమయం ముందే మాట్లాడుకోండి, లేకపోతే సాయంత్రానికి కుక్కలు వాటిని చిందరవందర చేసేస్తాయి. గ్లవ్స్ లోపలి వైపు బయటికొచ్చేలా తిప్పి తీసి, మంచినీళ్లతో, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే టిఫిన్ పొట్లాలు విప్పండి.