ఊరికి సొంత విత్తన బ్యాంకు పెట్టుకోవడం ఎలా?

రోహిణి కార్తె వచ్చిందంటే మెట్ట రైతుకు మొదటి ఖర్చు విత్తనమే. అప్పు తెచ్చి ప్యాకెట్లు కొంటాడు. మొలిచింది ఎండిపోతే మళ్లీ అప్పు, మళ్లీ ప్యాకెట్లు. వెనకటికి తెలంగాణ పల్లెల్లో ఈ అవసరం నాగుతో తీరేది. అంటే గింజలు అప్పుగా తెచ్చుకుని, పంట రాగానే పైన ఇంత కలిపి కొలవడం. ఆ కలిపి కొలిచినదంతా దొర గాదెలోకో షావుకారు గాదెలోకో పోయేది. విత్తన బ్యాంకులోనూ గింజ తీసుకుని కలిపే కొలుస్తాం. కాకపోతే ఆ గాదె మనందరిదీ.

ఇది కొత్త ఆలోచనేం కాదు. జహీరాబాద్ ప్రాంతంలో 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మహిళా సంఘాలు ఊరూరా విత్తనాలు దాచి, పంచి చూపించాయి. ఆ సంఘాల్లో ఎక్కువమంది చిన్న చిన్న చెలకలున్న దళిత మహిళలు. ఏటా ఎడ్ల బండ్ల మీద విత్తనాలు పెట్టుకుని ఊళ్లు తిరిగే పాత పంటల జాతర వాళ్లదే. 2019లో ఈ సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది.

1. పది ఇళ్లతో మొదలుపెట్టండి

ఊరంతా ఒప్పుకోవాలని చూస్తే మీటింగులకే ఏడాది గడిచిపోతుంది. పది ఇళ్లు, నాలుగైదు పంటలు చాలు. ఎకరానికి కొర్ర 2 కిలోలు, జొన్న 4 కిలోలు, కంది 2 నుంచి 3 కిలోలు పడుతుంది. పది ఎకరాల కొర్రకు కావలసింది 20 కిలోలే, ఒక పెద్ద డబ్బాలో పడుతుంది.

ఇళ్లల్లో గింజ దాచేది ఎక్కువగా ఆడవాళ్లే. కంకి చేతిలోకి తీసుకోగానే అది విత్తనానికి పనికొస్తుందో లేదో చెప్పగల పెద్దమ్మ ఊరికి ఒకరైనా ఉంటారు. బ్యాంకు తాళం ఆమె చేతికివ్వండి. లెక్క రాసే పిల్లనో పిల్లాడినో పక్కన పెట్టండి.

2. ఏ విత్తనం దాచాలి?

హైబ్రిడ్ పంట గింజలు దాచకండి. మరుసటి ఏడాది వేస్తే ఒక మొక్క ఒకలా, ఇంకో మొక్క ఇంకోలా వస్తుంది. మన దగ్గర బీటీ పత్తి దాదాపు అంతా హైబ్రిడ్డే కాబట్టి దానికి ఈ బ్యాంకులో చోటు లేదు. అలాగని నాటు రకాలు మాత్రమే దాచాలని కాదు. పరిశోధన స్థానాలు ఇచ్చిన, హైబ్రిడ్ కాని సూటి రకాలు కూడా నిక్షేపంగా దాచుకోవచ్చు: నంద్యాల సూర్యనంది కొర్ర, లాం ఎల్‌ఆర్‌జీ 41 కంది, బాపట్ల సాంబ మసూరి వరి.

3. చేలో ఉండగానే ఎంచండి

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. నూర్చి రాశి పోశాక అందులోంచి నాలుగు కుంచాలు తీసి విత్తనం అంటారు. తెగులు సోకిన కంకీ, కలుపు రకం కంకీ అందులో కలిసే ఉంటాయి. కోతకు వారం ముందే చేలోకి వెళ్లి, గట్ల పక్కన కాకుండా నడిమధ్య, ఒకే ఎత్తులో ఒకేసారి పండిన మొక్కలకు రంగు గుడ్డపీలికలు కట్టండి. వాటిని విడిగా కోసి, విడిగా నూర్చండి.

కొర్ర, వరి, పెసర తమ పుప్పొడితోనే గింజ కడతాయి, భయం లేదు. సజ్జకు గాలి, కందికి తేనెటీగలు పక్క చేను పుప్పొడి మోసుకొస్తాయి. సజ్జ విత్తనం తీసే చేనుకు 200 మీటర్ల లోపు వేరే రకం సజ్జ ఉండకూడదు.

4. ఎండ, బూడిద, వేపాకు

గింజ కొరికితే టక్కుమని విరగాలి. మెత్తగా నలిగితే ఇంకో రెండెండలు కావాలి. ఎండలోంచి తెచ్చిన వేడి గింజను అలాగే పోసి మూత పెడితే లోపల చెమ్మ పడుతుంది. సాయంత్రం నీడలో ఆరనిచ్చి పోయండి.

పప్పుగింజలకు పుచ్చు బెడద ఎక్కువ. కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టడం పాత పద్ధతి, ఇప్పటికీ పనిచేస్తుంది. మిగతా వాటికి జల్లించిన బూడిద, ఎండిన వేపాకు పొరలు పొరలుగా వేసి కుండ మూతి మట్టితో మెత్తండి. వెదురు గుమ్మి అయితే లోపలా బయటా పేడ, మట్టి కలిపి అలకాలి. వేరుశనగ కాయగానే ఉంచాలి, ఒలవకూడదు. ప్రతి కుండకూ చీటీ కట్టండి: పంట, రకం, ఎవరి చేను, ఏ ఏడాది. ప్రతి రకాన్నీ రెండు ఇళ్లల్లో ఉంచండి. ఒక ఇల్లు కురిసినా రెండో చోట విత్తనం మిగులుతుంది.

5. పంచేముందు మొలక చూడండి

వంద గింజలు లెక్కబెట్టి తడి గోనెపట్టాలో చుట్టి వారం ఉంచండి. జొన్న, కొర్ర, కంది 75కు తగ్గకుండా, వరి 80, వేరుశనగ 70 మొలవాలి. తగ్గితే ఎవరికీ ఇవ్వొద్దు. మొలవని విత్తనం ఒక్కసారి చేతికిస్తే ఆ రైతు మళ్లీ మన గడప తొక్కడు.

6. ఇచ్చిపుచ్చుకునే లెక్క

రెండు కిలోల కొర్ర తీసుకుంటే నాలుగు కిలోలు కొలవాలి. క్వింటాళ్లలో పండే పంటలో అదొక లెక్క కాదు. వేరుశనగ విత్తనం ఎకరానికి ఎక్కువ బరువు పడుతుంది కాబట్టి దానికి సవాయి, అంటే కిలోకు పావు కిలో పైన, చాలు. పంట పోయిన ఏడు పైన ఏమీ అడగొద్దు. తీసుకున్నదే వచ్చే ఏడు తిరిగిస్తారు. ఈ మాట మొదటి రోజే పుస్తకంలో రాసి అందరితో సంతకాలు, వేలిముద్రలు పెట్టించండి.

ఇంకొకటి, నా మటుకు అన్నిటికన్నా ముఖ్యం: ఉన్నదంతా ఒకేసారి పంచకండి. మూడో వంతు ఆపండి. మృగశిరలో వేసింది ఎండిపోతే ఆరుద్రలో రెండోసారి విత్తేది ఆ మూడో వంతే. ఆ ఏడు అది అక్కర్లేకపోతే ఒక మడిలో వేసి కొత్త గింజ చేసుకోండి. విత్తనాన్ని ఏళ్ల తరబడి కుండలో ఉంచితే మొలక చచ్చిపోతుంది.

7. చట్టం

2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టం ప్రకారం రైతు తన విత్తనాన్ని దాచుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఈ చట్టం కింద రక్షణ ఉన్న రకాన్ని ప్యాకెట్లో పెట్టి బ్రాండు వేసి మాత్రం అమ్మకూడదు. మన విత్తన బ్యాంకును సంఘంగా రిజిస్టర్ చేయడానికి తొందరేం లేదు. రెండు మూడు పంటలు సాఫీగా తిరిగొచ్చాక, డబ్బు బ్యాంకులో ఖాతా అవసరమైతే 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద చేసుకోవచ్చు. దానికి వేర్వేరు కుటుంబాలవాళ్లు పదిమంది కావాలి. మొదట కూర్చున్న పది ఇళ్లవాళ్లే సరిపోతారు.