మూడు నెలల పనికి సింగపూర్ వెళ్లాలంటే ఎలా? శ్రీకాకుళం, విజయనగరం వాళ్ల కోసం

"ఎన్నాళ్లకి ఎల్తన్నావు?" అని మా వీధిలో ఎవరడిగినా "మూడు నెల్లకి" అని చెప్పేసేవాణ్ని. తీరా చూస్తే నా కాగితాల్లో ఒక్కోదాంట్లో ఒక్కో లెక్క. ఆఫీసు లెటర్‌లో 84 రోజులు, ఇన్సూరెన్స్‌లో 75, సింగపూర్‌లో దిగగానే ఇచ్చిన అనుమతిలో 30. మొదటి రెండూ విజయనగరంలో కూర్చుని పక్కపక్కన పెట్టి చూసుకుని, మూడోది ఎన్ని రోజులకిస్తారో అడిగి ఉంటే అరగంట పని. అక్కడికి వెళ్లాక చూసుకున్నాను కాబట్టి రెండు వారాల టెన్షన్.

ఏళ్ల తరబడి ఉండేవాళ్లకు కంపెనీయే అన్నీ చూస్తుంది. కొద్ది నెలల కోసం వెళ్లేవాళ్లకు మాత్రం ప్రతి కాగితం గడువూ విడివిడిగా అయిపోతుంటుంది. అందుకే ఇది ఎక్కువగా రోజుల లెక్క గురించే.

1. ఏ పాస్ మీద పని చేస్తారో ముందు తేల్చుకోండి

"వీసా వచ్చేసింది" అన్నంత మాత్రాన పని చేసుకోవచ్చని కాదు. వీసా దేశంలోకి రావడానికి మాత్రమే. పని చేయడానికి అనుమతి వేరు.

సింగపూర్‌లో దీనికి రెండు దారులున్నాయి. మొదటిది వర్క్ పర్మిట్, ఎస్ పాస్ లాంటి వర్క్ పాస్. దీనికి అక్కడి కంపెనీ దరఖాస్తు చేస్తుంది. ఓకే అయితే ముందుగా ఒక లెటర్ వస్తుంది. దాన్ని అందరూ ఐపీఏ అంటారు. అందులో మీ పేరు, పాస్‌పోర్టు నంబరు, పని, మూల జీతం, అలవెన్సులు, కోతలు అన్నీ విడివిడిగా ఉంటాయి. ఈ లెటర్ చేతికి రాకుండా ఇక్కడి ఉద్యోగం మానకండి, ఎవరికీ పైసా ఇవ్వకండి. అది అసలుదో కాదో ఆ దేశ మానవ వనరుల శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు.

రెండో దారి, కొత్త మెషిన్ బిగించడానికో, రిపేరుకో, ప్లాంట్ మొదలుపెట్టడానికో వెళ్లే నిపుణులది. ఇలాంటి కొన్ని పనులకు వర్క్ పాస్ అక్కర్లేదు. అయితే అక్కడ దిగాక, పని మొదలుపెట్టకముందే, ఆ శాఖకు ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. ఏడాది మొత్తం మీద 90 రోజులకు మించకూడదు. ఆఫీసులో కూర్చుని రోజువారీ పని చేయడానికి ఇది చెల్లదు.

నేను ఇరుక్కున్నది ఇక్కడే. 90 రోజులు పని చేయొచ్చు కదా అని ధీమాగా వెళ్లాను. కానీ ఆ అనుమతి నా విజిట్ పాస్ (దేశంలో ఎన్ని రోజులు ఉండొచ్చో దిగగానే ఇచ్చే అనుమతి) బతికి ఉన్నంత కాలమే చెల్లుతుంది. విజిట్ పాస్ 30 రోజులకే ఇచ్చారు. మధ్యలో పొడిగింపుకి దరఖాస్తు పెట్టుకుని, జవాబు వచ్చేదాకా ఫోన్ చూసుకుంటూ గడిపాను. కాబట్టి వెళ్లేముందే ఆఫీసులో "పొడిగింపు ఎవరు పెడతారు, ఎప్పుడు పెడతారు" అని అడగండి.

2. ఏజెంటు ద్వారా అయితే

సోంపేట, కవిటి, కంచిలి వైపు ఇంటికొకరు వెల్డరో, ఫిట్టరో, రిగ్గరో బయటి దేశంలో ఉంటారు. ఏజెంట్లకూ కొదవ లేదు. వాళ్లలో మంచివాళ్లూ ఉన్నారు. కానీ ఈ మాట వినబడితే మాత్రం లేచి వచ్చేయండి: "ముందు టూరిస్ట్ వీసా మీద ఎల్లిపోండి బాబూ, అక్కడికెల్లాక పర్మిట్ మార్పించేత్తాం."

2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం గుర్తుంది కదా. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని డబ్బు తీసుకుని, మన పిల్లల్ని కంబోడియాకి తరలించి సైబర్ మోసాలు చేయించారు. టికెట్ మీద ఏ ఊరు ఉందో మీ కళ్లతో చూసుకోండి. సింగపూర్ ఉద్యోగమని చెప్పి బ్యాంకాక్ టికెట్ చేతిలో పెడితే, కారణం ఎంత బాగా చెప్పినా ఎక్కకండి.

ఏజెంటుకి విదేశాంగ శాఖ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో కనబడుతుంది. లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగ్గ సర్వీస్ చార్జీ గరిష్ఠంగా 30,000 రూపాయలు, ఆపైన జీఎస్టీ. రెండు లక్షలు, మూడు లక్షలు అని అడుగుతున్నారంటే ఆ డబ్బు రసీదు లేని డబ్బే. ఇచ్చేది ఎంతైనా బ్యాంకు ద్వారానే ఇవ్వండి.

పదో తరగతి పాసవ్వని వాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది. దుబాయ్, ఖతార్, సౌదీ లాంటి చోట్లకు వెళ్లాలంటే వాళ్లకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. సింగపూర్‌కి ఆ గొడవ లేదు.

3. ఆఫీసు లెటర్‌లో ఇవి ఉన్నాయా చూడండి

జీతం ఇక్కడే పడుతుందా, అక్కడా? రోజు భత్యం ఎంత, సెలవు రోజులకూ ఇస్తారా? బస ఎవరిది? పని గడువు పెరిగితే టికెట్ మార్పు ఖర్చు ఎవరిది? ఇంట్లో ఏదైనా జరిగితే మధ్యలో వచ్చి వెళ్లడానికి టికెట్ ఇస్తారా? ఈ చివరి ప్రశ్న అడగడానికి మొహమాటపడతాం. అడగండి.

బస గురించి ఒక ముఖ్యమైన విషయం. సింగపూర్‌లో ప్రైవేటు ఇల్లు లేదా గది మూడు నెలలకు తక్కువ కాలానికి అద్దెకివ్వడం నేరం. ప్రభుత్వం కట్టించిన హెచ్‌డీబీ ఫ్లాట్లయితే కనీసం ఆరు నెలలు. కాబట్టి "వెళ్లాక తెలిసినవాళ్ల దగ్గర చిన్న రూమ్ చూసుకో" అనే సలహా మూడు నెలలలోపు వెళ్లేవాడికి పనికిరాదు. హోటలో, సర్వీస్ అపార్ట్‌మెంటో, కంపెనీ వాళ్ల డార్మిటరీయో ముందే ఖాయం కావాలి. అవి చౌక కావు. భత్యం లెక్కేసేటప్పుడే ఇది మాట్లాడుకోండి.

4. ఒక కాగితం మీద రోజులన్నీ రాయండి

పాస్‌పోర్టు గడువు (తిరిగొచ్చే తేదీ దాటాక ఆరు నెలలు ఉంటే మంచిది), వీసా, పాస్, ఇన్సూరెన్స్, తిరుగు టికెట్, ఫోన్ రీచార్జి, మాత్రలు. పక్కన ఒక్కోదాని చివరి తేదీ వేయండి. అన్నిటికన్నా ముందు వచ్చే తేదీయే మీ అసలు గడువు. అది పని ముగిసే తేదీకి కనీసం రెండు వారాలు అవతల ఉండాలి, ఎందుకంటే చెప్పిన రోజుకి పూర్తయిన ప్రాజెక్టు ఈ చేతుల మీద ఒక్కటీ జరగలేదు.

పన్ను లెక్కకీ రోజులే ఆధారం. సింగపూర్‌లో ఏడాదిలో 60 రోజుల లోపు ఉద్యోగం చేస్తే మామూలుగా అక్కడి పన్ను పడదు. ఆ పైన అయితే జీతం ఎవరిస్తున్నారు, రెండు దేశాల ఒప్పందం ఏం చెబుతోంది అన్నవి వస్తాయి. మీ అకౌంట్స్ వాళ్లతో వెళ్లకముందే తేల్చుకోండి.

5. ఒంటి సంగతి

కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. వెళ్లేముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి, మెడికల్‌లో అడగకపోయినా సరే. ఎండలో, వెల్డింగ్ వేడిలో పన్నెండు గంటలు నిలబడి, నీళ్లు తాగక, ఒళ్లు నొప్పులకని రోజూ పెయిన్ కిల్లర్ వేసుకుంటే మంచి కిడ్నీలే దెబ్బతింటాయి. సింగపూర్‌లో కుళాయి నీళ్లు నేరుగా తాగొచ్చు. సీసా నింపుకుని పనిలోకి వెళ్లండి.

బీపీ, షుగర్ మాత్రలు మొత్తం రోజులకూ, పైన ఇంకో రెండు వారాలకూ సరిపడా పట్టుకెళ్లండి. డాక్టర్ చీటీ ఇంగ్లిష్‌లో, మందు పేరు స్పష్టంగా ఉండాలి. నిద్రమాత్రలు, గట్టి నొప్పి మందులు, కోడీన్ ఉన్న దగ్గు మందులు అయితే ముందే అనుమతి కావాలేమో అక్కడి ఆరోగ్య శాస్త్రాల సంస్థ సైట్‌లో చూడండి.

6. ఇల్లు, బ్యాంకు, సిమ్

ఇక్కడ నా తెలివితక్కువతనం ఒకటి చెప్తాను. రోమింగ్ దండగ అనుకుని ఇండియా సిమ్ తీసి బీరువాలో పెట్టి వెళ్లాను. హోటల్ కౌంటర్ దగ్గర బుకింగ్ డబ్బు ఆన్‌లైన్‌లో కట్టమన్నారు. ఓటీపీ వెళ్లింది, బీరువాకి. అక్కడ రాత్రి పన్నెండున్నర, మనకు పది. మా ఆవిడ సిమ్ వెతికి, తన ఫోన్‌లో వేసి, వాట్సాప్‌లో ఓటీపీ చెప్పేసరికి గడువు అయిపోయింది. మూడుసార్లు అదే కథ. వెనక లైనులో ఉన్న పెద్దాయన ఏమీ అనలేదు, సూట్‌కేసు మీద కూర్చున్నాడు.

కాబట్టి ఇండియా సిమ్ మీతోనే ఉండాలి. రోమింగ్ ఇక్కడ ఉండగానే ఆన్ చేయించి, డేటా మాత్రం ఆపేసి, రీచార్జి అయిపోకుండా చూసుకోండి. బ్యాంకు యాప్‌లో కార్డుకి విదేశీ లావాదేవీలు ఆన్ చేయాలి, చాలా కార్డులకు అది ఆఫ్‌లోనే ఉంటుంది. కొంత డబ్బు ఫారెక్స్ కార్డులో (ముందే విదేశీ డబ్బు నింపుకునే కార్డు), కొంచెం నగదుగా ఉంచుకోండి.

ఇంటి ఖర్చుల అకౌంటు జాయింటుగా లేకపోతే ఇప్పుడే మార్పించండి. కరెంటు బిల్లు, స్కూలు ఫీజు, ఎల్ఐసీ తేదీలు రాసి ఫ్రిజ్ మీద అంటించండి. అక్టోబరు, నవంబరుల్లో వెళ్తుంటే తుఫాను సంగతి కూడా. 2018 తిత్లీ అప్పుడు పలాస వైపు రోజుల తరబడి కరెంటు, ఫోన్లు లేవు. దూరాన ఉన్నవాడికి అది నరకం. ఇంటి ఫోన్ పలకకపోతే ఎవరికి చేయాలో, వేరే ఊళ్లో ఉన్న ఒక చుట్టం నంబరు అనుకుని వెళ్లండి. పైడితల్లమ్మ సిరిమాను మిస్సవుతారా అన్నది కూడా చూసుకోండి. దసరా తర్వాత వచ్చే మంగళవారం. నేను మిస్సయ్యాను, వీడియో కాల్‌లో జనం తలకాయలు తప్ప ఏమీ కనబళ్లేదు.

7. పెట్టెలో ఏం వద్దు

మొదట వంటింట్లో అమ్మ కట్టే పొట్లాలు విప్పి చూడండి. మసాలా పొడిలో గసగసాలు ఉంటాయి. సింగపూర్‌లో గసగసాలు నిషేధం, డ్రగ్స్ కిందికి వస్తాయి. చికెన్, మటన్ పచ్చళ్లు కూడా వద్దు, మన దేశం నుంచి మాంసం తీసుకెళ్లనివ్వరు. ఖైనీ, గుట్కా, చూయింగ్ గమ్, ఈ-సిగరెట్ అసలే వద్దు. సిగరెట్లకి, చుట్టలకి డ్యూటీ ఫ్రీ లేదు, ఒక్క పెట్టె ఉన్నా చెప్పి సుంకం కట్టాలి.

ఆవకాయ, కందిపొడి తీసుకెళ్లొచ్చు. ఆవకాయ జాడీలో కాకుండా ప్యాకెట్‌లో సీలు వేయించి, చెక్-ఇన్ లగేజీలో పెట్టండి. అక్కడి వాళ్లకి ఇవ్వడానికి పలాస జీడిపప్పుని మించింది లేదు. బరువు తక్కువ, అందరికీ నచ్చుతుంది. ప్లగ్గులు వేరు, మూడు పలక పిన్నులవి. అడాప్టర్ ఒకటి పెట్టుకోండి. పాస్‌పోర్టు, లెటర్లు, సర్టిఫికెట్ల జిరాక్సులు, ఫోటోలు చేతి సంచిలో.

8. బయల్దేరడం, దిగడం

విశాఖ నుంచి సింగపూర్‌కి స్కూట్ విమానం నేరుగా వెళ్తుంది, నాలుగు గంటల చిల్లర. ఎక్కేది విశాఖ పాత ఎయిర్‌పోర్టులోనా, భోగాపురంలోనా అన్నది టికెట్ మీద ఒకటికి రెండుసార్లు చూసుకోండి. హైదరాబాద్ నుంచి అయితే విశాఖ ఎక్స్‌ప్రెస్ పలాస, ఆమదాలవలస, విజయనగరం మూడింట్లోనూ ఆగుతుంది. కానీ విమానం ఉన్న రోజు పొద్దున్న దిగేలా కాకుండా ముందు రోజే చేరండి.

దిగే తేదీకి మూడు రోజుల ముందు నుంచి ఎస్‌జీ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపొచ్చు. అది ఉచితం. డబ్బులడిగే సైట్లు ప్రభుత్వానివి కావు. అక్కడ పాస్‌పోర్టు మీద ముద్ర వేయరు, ఎన్ని రోజులు ఉండొచ్చో ఈ-మెయిల్‌లో వస్తుంది. బ్యాగులు తీసుకునే చోటే ఆ మెయిల్ తెరిచి చదవండి. నేను పదిహేను రోజుల తర్వాత తెరిచాను.

9. మొదటి వారం

టైము మనకన్నా రెండున్నర గంటలు ముందు. ఇంటికి ఫోన్ చేసేటప్పుడు పిల్లలు బడికెళ్లే వేళ చూసుకోండి. మెట్రోలో తినడం, తాగడం నిషేధం, మంచినీళ్లు కూడా. హాకర్ సెంటర్లో (చిన్న చిన్న తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే చోటు) తిన్నాక ట్రే మనమే తీసుకెళ్లి పెట్టాలి, చిన్నతనమేమీ కాదు.

అన్నం మీద బెంగ పుడితే లిటిల్ ఇండియాకి వెళ్లండి. సెరంగూన్ రోడ్డులో 1947 నుంచి ఉన్న కోమల విలాస్, కొంచెం ముందుకెళ్తే శ్రీనివాస పెరుమాళ్ కోవెల. తమిళం అక్కడ అధికార భాష కాబట్టి బోర్డుల మీద కనబడుతుంది. ఆదివారం సాయంత్రం ఆ వీధుల్లో నిలబడితే మన యాస చెవిన పడకుండా ఉండదు. "ఏటి గురూ, ఏ ఊరు?" అని నన్ను పలకరించింది టెక్కలి కుర్రాడు. జురాంగ్ ఐలాండ్‌లో రిఫైనరీ షట్‌డౌన్‌కి (ప్లాంట్ ఆపి చేసే రిపేర్లకి) వచ్చాడట. ఆ దీవిలోకి వెళ్లాలంటే ప్రత్యేక పాస్ ఉండాలి, పాస్ రావడం ఆలస్యమై అతను నాలుగు రోజులు గదిలోనే కూర్చున్నాడు. ఆ నాలుగు రోజులకీ భత్యం ఇస్తారా అన్నది లెటర్‌లో లేదు.

పాస్‌పోర్టు మీ దగ్గరే ఉండాలి. "భద్రంగా ఉంచుతాం" అని ఎవరైనా అడిగినా ఇవ్వక్కర్లేదు. జీతం, పాస్‌పోర్టు పేచీలొస్తే అక్కడి మానవ వనరుల శాఖ, మన హైకమిషన్ ఉన్నాయి. ఇక్కడి నుంచి ఇంటివాళ్లు, విదేశాల్లోని మనవాళ్ల కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీకి ఫోన్ చేయొచ్చు. పోలీసులకి 999, అంబులెన్స్‌కి 995.

10. తిరిగొచ్చేటప్పుడు

బయల్దేరే ముందు భత్యం లెక్క, ఓవర్‌టైమ్ లెక్క అక్కడే కాగితం మీద సంతకం చేయించుకోండి. ఊరొచ్చాక మెయిళ్లకు జవాబు రాదు.

బంగారం దగ్గర జాగ్రత్త. సుంకం లేకుండా నగలు తెచ్చుకునే వెసులుబాటు ఏడాదికి మించి విదేశంలో ఉన్నవాళ్లకే. మా బ్యాచ్‌లో ఒకాయన లిటిల్ ఇండియాలోని ముస్తఫా షాపులో భార్యకి బంగారు గొలుసు కొని, బిల్లు జేబులో పెట్టుకుని దర్జాగా విశాఖలో దిగాడు. కస్టమ్స్ ఆయన అడిగింది ఒకే ఒక్క ప్రశ్న: "ఎన్ని రోజులున్నారు?"